వ్యాయామం అలవాటుగా – 4వ పాఠం: కుదరని రోజు ఏం చెయ్యాలి?

పోయిన పాఠం చివర ఒకే ఒక్క వాక్యం రాసుకోమన్నాను. ‘ఫలానా పని అవగానే, ఫలానా చోట, ఫలానా వ్యాయామం చేస్తాను’ అని. మీరు పంపినవన్నీ చదివాను. సగానికి పైగా ఒకే అచ్చులో ఉన్నాయి: ‘రేపటి నుంచి పొద్దున్నే అయిదింటికి లేచి గంటసేపు నడుస్తాను.’ అడిగిన మూడింటిలో ఇందులో ఉన్నది వ్యాయామం ఒక్కటే. అయిదు గంటలన్నది టైము, పని కాదు. ఎక్కడ నడుస్తారో లేదు. పైగా గంటసేపు నడవమని ఎవరన్నారు? పది నిమిషాలు చాలని రెండో పాఠమంతా చెప్పింది ఎందుకు?

అలా రాసినవాళ్ళలో చాలామంది రెండో వారానికే ఆగిపోయారు. ‘నాకు పట్టుదల లేదండీ’ అని బాధపడుతూ రాశారు. మీ పట్టుదల సంగతి నాకు తెలీదు గానీ, మీ వాక్యం మాత్రం బాగాలేదు. అందుకని ఇవాళ చెప్పాల్సిన కండబలం వ్యాయామాలు వాయిదా వేశాను. ముందు ఈ వాక్యాన్ని బాగుచేద్దాం.

బూట్లు ఎలాంటివి కొనాలి, నీళ్ళు ఎప్పుడు తాగాలి లాంటివి నన్ను అడగొద్దు. అవి మీకు తెలుసు. గుండెకో షుగరుకో మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

ముందు పని

వ్యాయామాన్ని దేని వెంట చేస్తామో దాన్ని ఈ పాఠాల్లో ‘ముందు పని’ అంటున్నాం. అది రోజూ జరగాలి. మీరు తలుచుకున్నా తలుచుకోకపోయినా జరగాలి. ఎక్కడ అయిపోయిందో స్పష్టంగా తెలియాలి. ‘టిఫిను తిన్నాక’ అంటే తెలుస్తుంది. ‘కాస్త తీరిక దొరికాక’ అంటే సాయంత్రమైనా తెలియదు.

గుంటూరు నుంచి ఒక టీచరుగారు రాసింది చూడండి: ‘పనిమనిషి వెళ్ళాక మేడ మీద నడుస్తాను.’ పైకి బాగానే ఉంది. కానీ పనిమనిషి రాని రోజు అంట్లు ఈవిడే తోముకోవాలి. నడక ఉండదు, ఓపికా ఉండదు. ముందు పని ఇంకొకరి చేతిలో ఉండకూడదు. ఆవిడకి నేను సూచించింది ఇది: ‘పాపని స్కూలు బస్సు ఎక్కించగానే, అట్నుంచి అటే, వీధి చివర గుడిదాకా వెళ్ళి వస్తాను.’ ఇందులో ‘అట్నుంచి అటే’ అన్న మాటే ప్రాణం. బస్సు వెళ్ళాక ఒక్కసారి గేటు లోపలికి వచ్చారా, చెప్పులు విప్పుతారు. స్టవ్ మీద డికాక్షన్ మిగిలి ఉంటుంది, అది వేడిచేస్తారు. గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చుంటే ఫోను చేతికొస్తుంది. ఆ తర్వాత మళ్ళీ చెప్పులేసుకుని బయటికి నడిచిన మనిషిని నేను చూడలేదు. చెప్పులు విప్పకముందే జరిగిపోవాలి.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి ‘చివరి కాల్ అవగానే జిమ్‌కి వెళ్తాను’ అన్నాడు. అమెరికావాళ్ళతో మాట్లాడే ఉద్యోగంలో చివరి కాల్ అంటూ ఒకటి ఉంటుందా? ‘క్యాబు దిగగానే, లిఫ్టు ఎక్కకుండా, మెట్లెక్కి ఇంటికి వెళ్తాను’ అని మార్చాం. ఏడో అంతస్తు. చాలు.

న్యూజెర్సీ నుంచి ఒకావిడ ‘సాయంత్రం అయిదింటికి పార్కులో నడక’ అని రాశారు. అక్కడ డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. పైగా మార్చిలో, నవంబరులో గడియారాన్నే ఒక గంట అటూ ఇటూ జరుపుతారు. టైముని నమ్ముకోవద్దని నేను చెప్పేదానికి ఇంతకంటే రుజువేం కావాలి? ‘రాత్రి గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్ది బటన్ నొక్కగానే, బేస్‌మెంట్‌లో’ అని మార్చుకోమన్నాను.

పొలం పని చేసేవాళ్ళకి ఈ పాఠాలు అక్కర్లేదని మొదట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు గట్టుదాకా అందరం బండి మీదే వెళ్తున్నాం కాబట్టి వాళ్ళూ చదవచ్చు.

ఒక్క వాక్యం రాసినంత మాత్రాన ఏమొస్తుందని అడిగినవాళ్ళకి: 2002లో అచ్చయిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో విద్యార్థులను మూడు గుంపులు చేశారు. వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చేశారా లేదా అన్నది లెక్క. ఏమీ చెప్పని గుంపులో 38 శాతం చేశారు. గుండెకి ఎంత మేలో చదివించిన గుంపులో 35 శాతం. చదివించి, ఎప్పుడు ఎక్కడ చేస్తారో రాయించిన గుంపులో 91 శాతం. వాళ్ళు టైము రాశారు కదా అంటారేమో. అది ఒక్క వారం సంగతి. మనం మాట్లాడుతున్నది ఏళ్ళ సంగతి.

ఇరవై ఒకటి, నలభై ఒకటి

ఇప్పుడు నన్ను విసిగించే విషయానికి వస్తాను. ‘ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందట కదా?’ ప్రతి పాఠానికీ ఈ ప్రశ్న వస్తూనే ఉంది.

ఈ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ నుంచి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి మనిషి అలవాటు పడటానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. అందులో ‘కనీసం’ ఎటో పోయింది, ఆపరేషనూ పోయింది, అంకె మాత్రం మిగిలింది. అద్దంలో ముఖం చూసుకోవడానికీ, కార్తీకమాసం చలిలో దుప్పటి తీసి లేవడానికీ సంబంధమేంటి?

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించింది. ఒక పని వెంట ఇంకో చిన్న పని చెయ్యడం వాళ్ళకి ఎన్నాళ్ళకి అలవాటవుతుందని చూశారు. ఒకరికి 18 రోజుల్లో ఒంటబట్టింది, ఇంకొకరికి లెక్క కడితే 254 రోజులు తేలింది. మధ్యన నిలిచిన అంకె 66. తినే, తాగే అలవాట్ల కంటే వ్యాయామానికే ఎక్కువ కాలం పట్టింది. కాబట్టి మీ పక్కింటాయనకి నెలలో కుదిరినది మీకు ఆరు నెలలు పట్టినా అందులో వింతేమీ లేదు.

మనవాళ్ళకి ఇరవై ఒకటి చాలక మండలం ఒకటి తోడైంది. ‘నలభై ఒక్క రోజులు దీక్షగా చేస్తానండీ’ అని చాలామంది రాశారు. దయచేసి చెయ్యకండి. దీక్షని చిన్నబుచ్చడం లేదు. కానీ దీక్షకి మాల తీసే రోజు ముందే తెలుసు. అది తెలుసు కాబట్టే చన్నీళ్ళ స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం అన్నీ నిభాయించుకొస్తారు. వ్యాయామానికి మాల తీసే రోజు లేదు.

రోజుకి పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి మాల వేసుకున్నాడు. మండలం రోజులూ ఒక్కటి ముట్టలేదు. కొండకెళ్ళి వచ్చి, మాల తీసి, మర్నాడు పొద్దున్నే ఎప్పుడూ వెళ్ళే టీ కొట్టుకి వెళ్ళాడు. గ్లాసు ఎడమ చేతికి రాగానే కుడి చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఏమీ లేదు, పక్కవాణ్ణి అడిగి తీసుకున్నాడు. ఇది మనలో చూడనివాళ్ళు లేరు. నలభై ఒక్క రోజులు మానేసినా ఆ అలవాటు చావలేదేం? ఎందుకంటే అది టీ గ్లాసుకి కట్టి ఉంది. దీక్షలో ఉన్నన్నాళ్ళూ బట్టలు మారాయి, నిద్ర మారింది, ఎదురైనవాళ్ళు స్వామీ అని పిలిచారు. చుట్టూ ఉన్నదంతా మారింది గనక సిగరెట్టు గుర్తు రాలేదు. పాత కొట్టు, పాత గ్లాసు ఎదురవగానే గుర్తొచ్చింది.

దీన్ని తిరగేసి చూడండి. మీ నడకని మామూలు రోజుకి, మామూలు గ్లాసుకి, మామూలు గుమ్మానికి కట్టాలి. పెళ్ళికి ముందు రెండు నెలల జిమ్ము, ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకింగు, పిల్లల వేసవి సెలవుల్లో ఈత – ఇవన్నీ మంచివే, చెయ్యండి. కానీ అవి అలవాట్లవుతాయని లెక్కేసుకోవద్దు. ఆ రోజులు అయిపోగానే అవీ అయిపోతాయి.

ఇవాళ్టి అసలు పాఠం

రెండో వాక్యం. ‘అది కుదరని రోజు, ఫలానా పని అవగానే, ఫలానా చిన్న వ్యాయామం చేస్తాను.’

2021లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. ఒక పెద్ద అమెరికన్ కంపెనీ ఉద్యోగులు 2,500 మందికి పైగా అందులో పాల్గొన్నారు. జిమ్‌కి వెళ్తే డబ్బులిచ్చారు. కొందరికి వాళ్ళు ఎంచుకున్న టైముకి వెళ్తేనే, కొందరికి ఎప్పుడు వెళ్ళినా. కచ్చితమైన టైమున్నవాళ్ళకే అలవాటు గట్టిపడుతుందని నేనైనా అనుకునేవాణ్ణి. డబ్బులివ్వడం ఆపేశాక చూస్తే, ఎప్పుడైనా వెళ్ళొచ్చన్నవాళ్ళే ఎక్కువ వెళ్తున్నారు. టైముకి కట్టుబడినవాళ్ళు ఆ టైము దాటితే ఇక ఆ రోజుకి వెళ్ళడమే మానేశారు. ‘పొద్దున కుదరలేదు, రేపు చూద్దాం’ అని మనం అనేది కూడా ఇదే.

మరి ముందు పనికి కట్టమని ఇంతసేపు ఎందుకు చెప్పారు అంటారా? కట్టండి. అది మొదటి దారి. మొదటిది మూసుకుపోయే రోజుకి రెండోది ముందే రాసి ఉండాలి, అంతే. ఆ రోజు పొద్దున ఆలోచిస్తే తట్టదు.

చిన్న వ్యాయామం ఏదైనా ఫరవాలేదు గానీ, నా ఓటు బస్కీలకి. చాప అక్కర్లేదు, బట్టలు మార్చుకోనక్కర్లేదు. పెళ్ళివారింట్లో విడిది గదిలో తలుపు గడియ పెట్టుకుని పది తీస్తే ఎవరికీ తెలియదు. పట్టుచీర కట్టకముందే సుమా. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. సూర్యనమస్కారాలంటే ఇష్టమైతే రెండు చాలు. ‘పది బస్కీలతో ఏం ఒరుగుతుంది?’ అనొద్దు. ఒకేసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో తీసేసింది. వారానికి 150 నిమిషాల లక్ష్యం ఉంది, ఉండనివ్వండి. అది వచ్చే నెలల సంగతి.

తప్పిన రోజుకి జరిమానాగా మర్నాడు రెట్టింపు చెయ్యకండి. అలవాటు లేని ఒళ్ళు మర్నాడో ఆ మర్నాడో పట్టేస్తుంది. మెట్లు దిగుతూ గోడ పట్టుకునే మనిషి మూడో రోజు వాకింగుకి వెళ్ళడు. లాలీ బృందం చూసినవాళ్ళలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. భయం ఒక రోజుతో కాదు, సంక్రాంతితో. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కొందరికి ఆసక్తికరమైన ఆడియో నవలలు జిమ్‌లో మాత్రమే వినేలా ఏర్పాటు చేశారు. మొదట్లో బాగా వెళ్ళారు. థాంక్స్‌గివింగ్ సెలవులు వచ్చి వెళ్ళాక ఆ ఊపు పోయింది. మనకి భోగి నుంచి ముక్కనుమదాకా నాలుగు రోజులు, దానికి ముందూ వెనకా ప్రయాణాలు. అరిసెలు సంచిలో తెచ్చుకుంటాం, నడక ఊళ్ళో వదిలేసి వస్తాం.

ఇంకో చిట్కా. ఇది నా సొంతం, నచ్చితేనే వాడుకోండి. నా ఫోను ఛార్జరు మంచం పక్కన ఉండదు, గుమ్మం దగ్గర బూట్ల స్టాండు మీద ఉంటుంది. పొద్దున్నే ఫోను కోసమైనా అక్కడిదాకా వెళ్తాను. స్టెప్పులు లెక్కపెట్టే వాచీ మాత్రం నాకు పడదు. పదివేల అడుగులన్నది 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి వాడిన అంకె. మీకు సరదా అయితే పెట్టుకోండి.

అభ్యాసం

ఈసారి కాస్త కష్టమే. గోడ మీది క్యాలెండరు దించి ముందర పెట్టుకోండి. వచ్చే పన్నెండు నెలల్లో మీ నడకని తప్పించే రోజులన్నీ వెతకండి: పండగలు, పిల్లల పరీక్షలు, ఆఫీసు ఆడిట్లు, తద్దినాలు, ఊరి ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, తొమ్మిదింటికే ఎండ మండే మే నెల, వారాల తరబడి వాన. ఒక్కోదానికి ఒక్కో రెండో వాక్యం రాయండి. రైల్లో ఉంటే ఏ పని అవగానే? అత్తగారింట్లో ఏ గదిలో? పన్నెండుకి తక్కువైతే మళ్ళీ వెతకండి. సెలవు రోజున స్కూలు బస్సు రాదు, అదీ రాయాలి.

తర్వాత, ఈ వారంలో ఒక రోజు కావాలని మొదటిది తప్పించి, రెండోది చెయ్యండి. మొదటిది బాగా కుదిరే రోజునే ఎంచుకోండి. అసలు అవసరం వచ్చేసరికి ఒకసారి చేసి చూసినట్టుండాలి.

గడియారం టైము ఉన్న వాక్యాలు నాకు పంపొద్దు, తిప్పి పంపేస్తాను. వచ్చే పాఠం కండబలం గురించి. దానికి ఒక గట్టి కుర్చీ, ఏ సామానూ ఆనించని గోడ చూసి పెట్టుకోండి. కింద చక్రాలున్న కుర్చీ పనికిరాదు.