తొలకరికి ముందే ఒక హెచ్చరిక: గనిలో ఒలికిన ఆయిల్ మీద నీళ్లు కొట్టకండి

ఈ వేసవిలో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురా వైపు ఒక ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) బొగ్గు గనిలో బౌజరు, అంటే డీజిల్ తెచ్చి పోసే ట్యాంకరు, గొట్టం ఊడి, బొగ్గు, మట్టి మోసే డంపర్లు తిరిగే హాల్ రోడ్డు పక్కన డీజిల్ పారింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అయితే దుమ్ము అణచడానికి తిరిగే వాటర్ ట్యాంకరును పిలిపించి నేలంతా కడిగించారు, మరునాటికి దిగువ నాలాలో రంగురంగుల తెట్టె తేలింది. మృగశిర కార్తె దగ్గరపడుతున్నందున బల్లార్షా, రాజురా, వణి ప్రాంతాల గనుల్లో పనిచేసే మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. హెల్మెట్టు, బూట్లు, చేతి తొడుగుల సంగతి శిక్షణలో అందరూ విన్నదే కాబట్టి మళ్లీ చెప్పను.

నేను చూసిన తప్పులన్నింటిలోకీ పెద్దది నీళ్లతో కడగడం. డీజిల్ నీటికంటే తేలిక, అందులో కలవదు. కడిగితే అది పోదు, నీళ్ల మీదెక్కి ఊరు దాటుతుంది. పారతో ఎత్తగలిగినంత మేర నిలిచిన దానిని, నీళ్లు పోసిన తర్వాత నాలా పొడవునా వెతకవలసి వస్తుంది. పైగా ఇక్కడి నేల చాలావరకు నల్లరేగడి. రోహిణి కార్తె ఎండలకు విచ్చుకున్న నెర్రెల్లోకి నీటితోపాటు దిగిన డీజిల్‌ను, తొలకరికి మట్టి ఉబ్బి ఆ నెర్రెలు మూసుకున్నాక బయటికి తీయడం ఎవరి తరమూ కాదు. నాలా వర్ధా నదిలో, వర్ధా ప్రాణహితలో, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తాయని వేరే చెప్పనక్కరలేదు.

సబ్బుపొడి చల్లి కడగడం ఇంకా అన్యాయం. సబ్బు ఆయిల్‌ను సన్నని బిందువులుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుంది కనుక, ఆయిల్‌ను పైకి తేల్చి వేరుచేసే వర్క్‌షాపు తొట్టి దానిని పట్టుకోలేదు. బయటికి వదిలే నీటిలో ఆయిల్, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదన్న నియమం అక్కడే మంట గలుస్తుంది. అధికారి తనిఖీకి వచ్చేలోపు నేల మెరవాలన్న తొందరే ఈ పని చేయిస్తోందని నా అభిప్రాయం.

మంట సంగతి కూడా తేలికగా తీసుకోకూడదు. నిప్పురవ్వ తగిలితే డీజిల్ ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని మన దేశ ప్రమాణం చెబుతుంది, చంద్రపూర్ ఎండలేమో 45 దాటుతాయి. అందువల్ల మధ్యాహ్నం ఒలికిన డీజిల్‌ను పెట్రోలులాగే భావించి, చుట్టుపక్కల ఇంజన్లు, వెల్డింగు ఆపించి, గాలి వీపుకు తగిలేలా నిలబడి పని మొదలుపెట్టాలి.

ముందుగా వాల్వు కట్టి కారడం ఆపాలి. తర్వాత పల్లపు వైపున మట్టికట్ట వేయాలి, ఎగువ నుంచి వేస్తే లాభం లేదు. పీల్చడానికి రంపపు పొట్టు పనికొస్తుంది గానీ, మన జిన్నింగ్ మిల్లుల వ్యర్థ పత్తి అంతకంటే మేలు. శుద్ధి చేయని పత్తికి సహజమైన మైనపు పూత ఉండడం వల్ల అది నీటిని వదిలి ఆయిల్‌ను పట్టుకుంటుంది. మందుల షాపు దూది ఇందుకు పనికిరాదు.

గని అడుగున నీరు చేరే సంప్ గుంటలో తెట్టె కనిపిస్తే ముందు పంపు ఆపండి. గోనెసంచుల్లో ఆ పత్తి కుక్కి, తాడుకు వరసగా కట్టి, తెట్టెను ఒక మూలకు లాగండి.

హైడ్రాలిక్ గొట్టం ఎక్కడ కారుతోందో చేత్తో తడమకండి. తవ్వి ఎత్తే యంత్రం షావెల్‌లో ఆయిల్ ఒత్తిడి 300 బార్ దాటుతుంది, కంటికి ఆనని ధార కూడా చర్మంలోకి దిగిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ధార తగిలితే సూదిపోటే కదా అని షిఫ్టు ముగిసేదాకా ఆగకండి, వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లండి.

ఆయిల్ పీల్చిన పత్తిని, మట్టిని బొగ్గుకుప్ప మీద వేయకండి. కాల్చకండి. పాతిపెట్టకండి. మూత ఉన్న డ్రమ్ముల్లో నింపి తేదీ రాయండి, ఎందుకంటే 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అవి 90 రోజులకు మించి మీ దగ్గర ఉండకూడదు. వాడిన ఆయిల్‌ను పాత ఇనుము కొనేవాడికి అమ్మకండి. ఖాళీ డ్రమ్ముల్లో తాగునీళ్లు పట్టకండి. నీళ్లు కొట్టకండి.

రాత్రి షిఫ్టులో ఒలికినదాన్ని తెల్లవారేదాకా దాచకండి. ఎన్ని లీటర్లో అంచనా వేసి, చోటు, సమయం రిజిస్టరులో రాయించి, వచ్చే షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌కు ఆ చోటు చూపించాకే ఇంటికి బయలుదేరండి. వాటర్ ట్యాంకరు డ్రైవరుకు తెలుగు రాకపోతే నీళ్లు కొట్టవద్దని అతని మరాఠీలోనే చెప్పండి: పాణీ మారూ నకా.