మానసిక జబ్బు రోజువారీ పనిని ఎంత దెబ్బతీసిందో లెక్కకట్టడం ఎలా

మందులు మొదలుపెట్టిన నెలకి "ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగితే ఇంట్లోవాళ్లు "పర్లేదండి, గొడవ చెయ్యట్లేదు" అంటారు. గొడవ తగ్గడం లక్షణాల సంగతి. పొద్దున్నే లేచి మొహం కడిగాడా, పశువులకు కుడితి పెట్టాడా, సంతకెళ్లి చిల్లర సరిచూసుకుని వచ్చాడా అన్నది పనితీరు సంగతి. రెండూ ఒకే తీరుగా తగ్గవు, పెరగవు. చెవిలో మాటలు వినిపిస్తూనే జూట్‌మిల్లులో షిఫ్టు తప్పనివాళ్లుంటారు. మాటలు ఆగి ఏడాదైనా మంచం దిగనివాళ్లూ ఉంటారు. అందుకే పనితీరును విడిగా కొలవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసే నర్సులు, సోషల్ వర్కర్లు, సైకాలజీ విద్యార్థులకు పనికొచ్చేలా ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఫారం ఎంచుకోండి. చికిత్సతో మార్పు వస్తోందా లేదా చూడాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన హూడాస్ 2.0 (WHODAS 2.0) అనే ప్రశ్నల ఫారం వాడండి. వికలాంగుల సర్టిఫికెట్ కోసమైతే ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ తయారుచేసిన ఐడియాస్ (IDEAS) అనే వైకల్యం కొలిచే ఫారం కావాలి. ఒకదాని మార్కులు రెండోదానికి పనికిరావు. హూడాస్‌లో 48 శాతం వచ్చిందని "48 శాతం వైకల్యం" అని రాసేస్తే, ఆ కాగితం పట్టుకుని ఆ కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

హూడాస్‌లో 36 ప్రశ్నల ఫారం, 12 ప్రశ్నల ఫారం ఉన్నాయి. పెద్దదానికి సుమారు 20 నిమిషాలు, చిన్నదానికి 5 నిమిషాలు పడుతుందంటారు. మన ఓపీ వరండాలో, యాస సర్దుకుంటూ అడిగితే చిన్నదానికి కూడా పావుగంట పెట్టుకోండి. అడిగేది గడిచిన 30 రోజుల గురించే. కానీ "గత 30 రోజుల్లో" అంటే చాలామందికి అది ఎప్పటినుంచో తట్టదు, మొత్తం జబ్బు కథే చెప్పేస్తారు. కాబట్టి ముందు గుర్తులు పాతండి: ఒకటో తారీఖు పింఛను ఇచ్చిన రోజు, మొన్నటి అమావాస్య, నాలుగు వారాల కిందటి సంత. "ఆ సంత కాడి నుంచి ఇప్పటిదాకా" అంటే లెక్క కుదురుతుంది.

నేరుగా ఫారంలోకి దిగకండి. ముందు ఒక రోజు మొత్తం చెప్పించండి. "నిన్న పొద్దున్న లేచిన కాడి నుంచి ఏటేటి చేసినావమ్మా?" అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. ఎన్నింటికి లేచింది, చోడి (రాగి) అంబలి ఎవరు కాచారు, నీళ్లు ఎవరు తోడారు, మధ్యాహ్నం ఎక్కడుంది, ఎవరితో మాట్లాడింది, అన్నీ అందులోనే వస్తాయి. తరవాత ఫారంలో "ఇబ్బందేమీ లేదు" అన్నా, ఆ రోజు కథతో సరిపోలకపోతే పట్టేసుకోవచ్చు. ప్రశ్న మాత్రం ఫారంలో ఉన్నట్టే చదవండి. అర్థం కాకపోతే ఊరి మాటలో విడమరచండి, ఏ మాట వాడారో మార్జిన్‌లో రాసి అందరికీ అదే వాడండి.

జవాబులు ఐదు మెట్లు: ఇబ్బంది లేదు 0, కొంచెం 1, ఓ మాదిరి 2, చాలా 3, బొత్తిగా కష్టం లేదా అసలు చెయ్యలేను 4. కొన్ని ఫారాల్లో ఇవే 1 నుంచి 5 దాకా ఉంటాయి. ఏ పద్ధతో కాగితం పైనే రాయకపోతే రెండు నెలల తరవాత పోల్చడం కుదరదు. పల్లెల్లో జవాబు ఎక్కువగా "కొంచెం" దగ్గరో "చాలా" దగ్గరో ఆగిపోతుంది, మధ్య మెట్టు మాట నోట రాదు. ఐదు గళ్లు వరసగా గీసిన కార్డు చేతికిచ్చి వేలు పెట్టమనండి.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పలాసలో జీడిపప్పు ఒలిచే మనిషి, వయసు 34, డిప్రెషన్. అరగంట నిలబడటం 1, ఇంటి బాధ్యతలు 3, కొత్త పని నేర్చుకోవడం 2, ఊళ్లో నలుగురితో కలవడం 3, జబ్బు వల్ల మనసు కుంగడం 3, పది నిమిషాలు ఒకదాని మీద ధ్యాస 2, కిలోమీటరు నడక 1, స్నానం 1, బట్టలు కట్టుకోవడం 0, తెలియనివారితో మాట్లాడటం 2, స్నేహం నిలుపుకోవడం 2, రోజువారీ పని 3. మొత్తం 48కి 23. ఇక్కడితో ఆపకండి, చివర్లో రోజుల లెక్క మూడు ప్రశ్నలుంటాయి: ఈ ఇబ్బందులు ఎన్ని రోజులున్నాయి (25), పూర్తిగా పనిమానేసినవి ఎన్ని (6), అవి కాక పని తగ్గించుకున్నవి ఎన్ని (14). మా దృష్టిలో డాక్టరుకు మొత్తం మార్కు కన్నా ఈ మూడు అంకెలే ఎక్కువ చెబుతాయి. కూలి ఎన్నాళ్లు పోయిందో ఇంట్లోవాళ్లకు నోటిమీద ఉంటుంది కనుక ఇవి తప్పడం కూడా తక్కువ.

12లో ఒక ప్రశ్నకు జవాబు రాకపోతే మిగతా 11 సగటును అక్కడ వేసుకోవచ్చు. రెండు పోతే మొత్తం లెక్కకట్టొద్దు.

ఎక్కువగా పొరపాటు జరిగే చోటు "చెయ్యలేదు" అన్న మాట. జబ్బు వల్ల చెయ్యలేకపోతే 4. మరో కారణంతో ఆ అవకాశమే రాకపోతే "వర్తించదు". ఈ తేడా కాలంతో ముడిపడి ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. మే నెలలో భావనపాడు మత్స్యకారుడు "నెలరోజులుగా వేటకెళ్లలేదు" అంటే అది జబ్బు కాదు. వలలు బాగుచేశాడా, పడవ పనిలో చెయ్యి వేశాడా అని అడగండి. ఊడుపులు లేని నెలలో కూలీకి, కరెంటు కోతతో మిల్లు ఆగిన వారంలో కార్మికుడికి కూడా ఇదే సూత్రం. విజయనగరం మనిషిని సిరిమానోత్సవానికి వెళ్లారా అని అడగడం మంచిదే, అది ఆ 30 రోజుల్లో వస్తేనే.

ఉద్దానం వైపు మరో చిక్కు. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కిడ్నీ జబ్బు ఎక్కువ. హూడాస్ ఒంటి జబ్బునీ మానసిక జబ్బునీ విడదీయదు, ఆరోగ్యం వల్ల వచ్చే ఇబ్బంది అంతటినీ కలిపే అడుగుతుంది. నిలబడటం, నడక ప్రశ్నల్లో మార్కు ఎక్కువ పడితే డిప్రెషన్ ముదిరిందని రాసేయకుండా, కిడ్నీ సంగతి పక్కన నోట్ చెయ్యండి.

ఇక ఐడియాస్. ఇందులో నాలుగు విషయాలు: స్వీయ సంరక్షణ, మనుషులతో సంబంధాలు, మాట-అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4. పని కింద సంపాదన, గృహిణి పని, చదువు అని మూడున్నాయి, మనిషిని బట్టి ఒక్కదానికే మార్కు వెయ్యాలి. రైతు కూతురికి ఇంటిపనీ పొలంపనీ రెండూ కలిపేసి మార్కు పెంచడం చూస్తుంటాం, అది తప్పు. వార్డులో చేరి ఉన్నవాళ్లకు ఇది వాడరు, ఇంటిదగ్గర ఉంటున్నవాళ్లకే. రోగిని, చూసుకునేవారిని, పాత ఓపీ చీట్లను మూడింటినీ చూసి మార్కు వెయ్యాలి.

పైన వచ్చిన మొత్తానికి జబ్బు ఎన్నాళ్లదో కలుపుతారు: రెండేళ్ల లోపు 1, 2–5 ఏళ్లకు 2, 6–10 ఏళ్లకు 3, పదేళ్లు దాటితే 4. స్కిజోఫ్రేనియాతో ఏడేళ్లుగా ఉన్న ఒకరికి 2, 3, 2, 3 వచ్చాయనుకోండి. 10కి 3 కలిపితే 13. ఇది ఓ మాదిరి వైకల్యం, 40–70 శాతం పరిధి. పూర్తి మార్కు 20 అయితే 100 శాతం. చట్టం ప్రకారం ప్రయోజనాలకు హద్దు 40 శాతం. శాతం వేసి సంతకం పెట్టేది మెడికల్ బోర్డే, కాబట్టి అక్కడ అప్పటికి అమల్లో ఉన్న ఫారమే తీసుకోండి, మీ పాత జిరాక్స్ కాదు.

ఈ రెండు కొలతల మధ్య అసలు తేడా స్నానం దగ్గర బయటపడుతుంది. తల్లి నీళ్లు తోడి, "లేరా బావూ, తానం సెయ్యి" అని నాలుగుసార్లు పిలిస్తేనే స్నానం చేసే కొడుకు ఉన్నాడనుకోండి. హూడాస్ మామూలుగా దొరికే సాయంతో సహా ఎలా జరుగుతోందని అడుగుతుంది, అతను "ఇబ్బంది లేదు" అనొచ్చు. ఐడియాస్‌లో ఆ పిలుపులే మార్కు పెంచుతాయి. అందుకే ఏ ఫారమైనా సరే, "అమ్మ ఊరెళ్లిన వారం ఏమైంది?" అని అడిగి జవాబు రాసుకోండి.

కోడలిని అత్త ముందు అడగొద్దు. ఇంటిపని గురించి ఆమె చెప్పే జవాబు అత్త కోసం చెప్పేదవుతుంది. రోగిని విడిగా, ఇంట్లోవాళ్లను విడిగా కూర్చోబెట్టండి. హూడాస్‌లో ఇద్దరి జవాబులూ వేరే కాగితాల మీద ఉండాలి, సగటు తియ్యొద్దు. రోగి తక్కువ చెప్పడం, పింఛను ఆశతో ఇంట్లోవాళ్లు ఎక్కువ చెప్పడం రెండూ మామూలే. వాళ్లతో వాదించక్కర్లేదు, "కిందటి వారం ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు" అని అడిగితే మాట దానంతటదే సర్దుకుంటుంది. మందుల మత్తు వల్ల పదింటిదాకా లేవలేకపోతే అదీ రాయండి. అది డాక్టరు మందు వేళ మార్చి సరిచెయ్యగలిగిన సంగతి కావచ్చు.

మధ్యలో "బతకాలని లేదు" అన్న మాట వస్తే ఫారం పక్కన పెట్టెయ్యండి. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

మళ్లీ కొలిచేటప్పుడు అదే ఫారం, అదే అంకెల పద్ధతి, వీలైతే అడిగే మనిషీ అదే ఉండాలి. ముందుసారికి ఇప్పటికి కనీసం నెల ఎడం ఉండాలి, లేకపోతే అవే రోజులు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి. మొత్తం 23 నుంచి 17కి దిగిందని ఊరుకోకుండా ఏ ప్రశ్నల్లో దిగిందో చూడండి. స్నానం, ఇంటి బాధ్యతలు బాగుపడి, రోజువారీ పని 3 దగ్గరే నిలిచిపోతే డాక్టరుకు రాసే చీటీలో ఆ ఒక్క వాక్యం పైన ఉండాలి: "లేస్తోంది, వండుతోంది, జీడి ఒలుపుకి ఇంకా వెళ్లట్లేదు."