డెంగ్యూ తగ్గాక మళ్లీ పరుగులోకి: ప్లాన్ మార్చుకోవడం ఎలా

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. దానికి గట్టిగా ప్రాక్టీసు చేయాల్సిన నెలల్లోనే వానలు, దోమలు, జ్వరాలు. నేను హాఫ్‌కి, అంటే 21.1 కిలోమీటర్లకి పేరిచ్చి, ఆదివారాలు 14 కిలోమీటర్లు హాయిగా పరిగెత్తే దాకా వచ్చాక జూలైలో డెంగ్యూ పట్టుకుంది. పది రోజులు మంచం మీదే. లేచాక చేసిన మొదటి తప్పు ఏంటంటే, పాత ప్లాన్ తీసి ఎక్కడ ఆగానో ఆ వారం నుంచే మొదలుపెట్టడం. 5 కిలోమీటర్లు పరిగెత్తాను, పరిగెత్తుతుంటే బాగానే ఉంది, మర్నాడు మాత్రం స్నానం చేసి వచ్చి మళ్లీ పడుకోవాల్సి వచ్చింది. ఆ ఒక్క పరుగుకి ఇంకో వారం పోయింది.

డెంగ్యూలో డాక్టర్లు ఒక మాట గట్టిగా చెప్తారు: జ్వరం దిగాక వచ్చే 24 నుంచి 48 గంటలే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి తూలిపోయేంత నీరసం కనిపిస్తే ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వ్యాయామంలోనూ నాకు అర్థమైంది ఇదే. ఒళ్లు బాగోనప్పుడు ఎలాగూ పడుకుంటాం, బాగైనట్టు అనిపించిన రోజే తొందరపడి దెబ్బతింటాం.

మంచం మీద పోయే శక్తిని తక్కువ అంచనా వేయకండి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్లని 3 వారాలు మంచం దిగకుండా ఉంచి పరీక్షించారు. శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పావు వంతుకు పైగా పడిపోయింది. వాళ్లకి జ్వరం కూడా లేదు! అయితే శిక్షణ మొదలుపెట్టాక అదంతా తిరిగొచ్చింది కూడా. కాబట్టి పోయిందని టెన్షన్ పడక్కర్లేదు, వస్తుంది, టైం ఇవ్వాలి అంతే.

ముందు తేదీని వదిలేయండి. కట్టిన ఫీజు పోతుంది, పోనివ్వండి. పి.వి. సింధు 2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది, ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) ఉందని తేలితే అదే నెలలో ఉన్న ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుంది, మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలో. చుట్టూ ఫిజియోలు, కోచ్‌లు ఉన్న మనిషికే అన్ని నెలలు పట్టింది. పొద్దున పరిగెత్తి తొమ్మిదికి ఆఫీసుకు పోయే మనం మూడు వారాల్లో అయిపోవాలనుకోవడం న్యాయం కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? పారాసిటమాల్ వేసుకోకుండానే జ్వరం రాకుండా ఉండాలి, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి (లక్షన్నర పైకి) వచ్చాయని డాక్టర్ చెప్పాలి, ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం రాకూడదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు బరువులు, క్రికెట్, పడిపోయే అవకాశం ఉన్న ఏ ఆటా వద్దు, చిన్న దెబ్బకే రక్తస్రావం కావచ్చు. డెంగ్యూ ఉన్నన్నాళ్లూ ఒళ్లు నొప్పులకి బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోకూడదనేది కూడా ఇందుకే.

తర్వాత నేను పాటించింది ఇది. పొద్దున లేవకముందే, పడుకునే, నాడి ఒక నిమిషం లెక్కపెట్టేదాన్ని. నాకు మామూలుగా 60 దగ్గర ఉంటుంది, జ్వరం తగ్గిన కొత్తలో 74 ఉండేది. మామూలు కంటే 10 ఎక్కువున్న రోజు ఇంట్లో తిరగడం తప్ప ఏమీ చేయలేదు. మొదటి వారం రోజుకి రెండుసార్లు పదేసి నిమిషాల నడక. రెండో వారం అరగంట నడక, వారంలో రెండ్రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. అది బాగా కుదిరాకే ఒక నిమిషం జాగింగ్, మూడు నిమిషాల నడక, ఇలా ఆరుసార్లు. పక్కన నడిచేవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. దూరం, రోజులు, వేగం, ఈ మూడింట్లో ఒక వారంలో ఒక్కటే పెంచాలి. గుండెలో నొప్పి, దడ, కళ్లు తిరగడం వస్తే అక్కడే ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి, వైరల్ జ్వరాల తర్వాత గుండె కండరం వాచే అవకాశం ఉంటుంది.

తిండి విషయంలో ఇంట్లో నాకు వారాలపాటు పథ్యం పేరుతో ఇడ్లీ, జావ, చారన్నమే పెట్టారు. ప్రేమతోనే పెట్టారు, కానీ పోయిన కండ జావతో రాదు. అరుగుదల కుదుటపడగానే పప్పు, గుడ్లు, పెరుగు మూడు పూటలా ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి.

కాలు బెణికితే లెక్క వేరు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే ఏ కట్టయినా. వాపు మీద నూనె పోసి గట్టిగా మర్దన చేయించొద్దు. ఎముక బాగానే ఉందని తేలాక, కాలికి విశ్రాంతి ఇస్తూనే పై శరీరానికి పని చెప్పొచ్చు. నొప్పికి మీరే సున్నా నుంచి పది దాకా మార్కులేసుకుంటే అది మూడు దాటకుండా, మర్నాటికి పెరగకుండా ఉంటే ముందుకెళ్లొచ్చు. ఒంటికాలి మీద అరనిమిషం నిలబడలేనంతకాలం పరుగు జోలికి పోవద్దు.

ఒక్కోసారి ప్లాన్ ఆగేది జ్వరానికో దెబ్బకో కాదు, ఇంట్లో ఎవరో చనిపోతారు, ఆ పదకొండు రోజులూ ఏమీ కుదరదు, కుదరాలని అనుకోను కూడా. ఆ తర్వాత కొన్ని వారాలు వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు చాలు, ఉన్నది చాలావరకు నిలబడుతుంది.

ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకోండి: ఏం చేశాను, ఎలా అనిపించింది, మర్నాడు పొద్దున ఎలా ఉన్నాను. మూడో గడిని బట్టే తర్వాతి రోజు నిర్ణయించాలి. అందులో వరుసగా మూడు వారాలు "నీరసం" అన్న మాట రాకపోతే అప్పుడు కొత్త రేసుకి పేరివ్వండి. నాకది అక్టోబరులో కుదిరింది, 10 కిలోమీటర్లకే ఇచ్చాను.