పాత పట్నంలో బజారు వీధి – నాలుగో పాఠం: జనాన్ని దింపడం

పోయిన పాఠంలో మన నీటిరంగుల బొమ్మలో వీధికి రెండువైపులా ఇళ్లు నిలబెట్టాం. అంగళ్ల ముందు వాలుగా కట్టిన గుడ్డ పందిళ్లు కూడా వేశాం. వీధి మాత్రం ఖాళీగా ఉంది. ఇవాళ అందులోకి జనాన్ని దింపుదాం. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

రెండో పాఠంలో పెన్సిల్‌తో సన్నగా గీసిన కంటి మట్టం గీత, అంటే చూసేవాళ్ల కళ్ల ఎత్తును చూపే అడ్డగీత, గుర్తుందా? దాన్ని ఇంకా చెరపకండి. మనం నేల మీద నిలబడి చూస్తున్నట్టు వేస్తున్నాం. వీధి చదునుగా ఉంటే, మన ఎత్తున్న వాళ్లందరి తలలూ ఆ గీత మీదికే వస్తాయి. పక్కనే నడుస్తున్న మనిషి తలా అక్కడే, వీధి చివర నిలబడ్డ మనిషి తలా అక్కడే. మారేవి పాదాలు. దగ్గరివాళ్ల పాదాలు బాగా కిందికి దిగుతాయి, దూరం పోయేకొద్దీ గీత వైపు జరుగుతాయి. పిల్లల తలలు గీతకు కింద, మెట్లెక్కినవాళ్ల తలలు పైన. నేను మొదట్లో దూరపువాళ్లను చిన్నగా వేస్తూ తలల్ని కూడా కిందికి దించేసేవాణ్ణి. వాళ్లు గోతిలో నిలబడినట్టు ఉండేవారు. కారణం తెలియడానికి నెలలు పట్టింది. అందుకే ఈ ఒక్క విషయం ఇంతసేపు చెబుతున్నాను. (వాలు వీధికి ఈ లెక్క కుదరదు, దాని సంగతి తర్వాత.)

ఇక రంగు. ఒక్కొక్కరినీ విడిగా వేయొద్దు. చిత్రకారుడు కమీల్ పిస్సారో 1898లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో పాత సంత వీధిని, వెనక చర్చి గోపురాలతో సహా వేశాడు. ఆ జనంలో ఒక్క ముఖమూ స్పష్టంగా ఉండదు. అయినా సంత సందడి మొత్తం తెలుస్తుంది. మనమూ దూరపు జనాన్ని ఒకే ముద్దగా వేద్దాం. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపితే చక్కటి బూడిద రంగు వస్తుంది. దాన్ని పల్చగా, అంచు ఎగుడుదిగుడుగా ఉండేలా పరచండి. తడి ఆరకముందే అక్కడక్కడ ఎరుపు, పసుపు చుక్కలు వదలండి. భుజాల దగ్గర కొంచెం కాగితం తెల్లగా మిగిలితే ఎండ పడినట్టు ఉంటుంది.

దగ్గరివాళ్లను ఇద్దరు ముగ్గురినే వేయండి. ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచెను భుజం దగ్గర నొక్కి, కిందికి లాగుతూ మెల్లగా ఎత్తండి. ఒక కాలు రెండోదానికన్నా కాస్త పొట్టిగా ఆపితే మనిషి నడుస్తాడు. తలకు ఒక చిన్న చుక్క చాలు, భుజానికీ దానికీ మధ్య వెంట్రుకంత పొడి చోటు వదిలితే రంగు పాకదు. తల మనిషి ఎత్తులో ఎనిమిదో వంతు దాటనివ్వకండి. తల పెద్దదైతే పెద్దమనిషి కూడా పిల్లాడైపోతాడు.

నీడలన్నీ ఒకే దిక్కుకు, పాదాలను తాకుతూ పడాలి. తాకకపోతే మనుషులు గాలిలో తేలతారు.

అసలు బొమ్మ ముట్టుకునే ముందు వేరే కాగితం మీద ఒక గీత గీసి, తలలన్నీ దానికే ఆనించి ఇరవై మందిని వేయండి. ఒక్కొక్కరికి అర నిమిషం చాలు. ఆ కాగితం పారేయకండి, వచ్చే పాఠంలో పందిళ్ల కింద నీడలు వేసేటప్పుడు వాళ్లలో కొందరిని అక్కడికి తీసుకెళ్తాం.