చాంబర్ బోల్టుకు బదులు డ్రెయిన్ వాల్వ్: నా లారీకి ఎలా కుదిరిందంటే

ఆయిల్ మార్చిన ప్రతిసారీ చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు చివరి చుట్టు ఊడేసరికి కాగే ఆయిల్ మోచేతి దాకా కారేది. తిప్పితే తెరుచుకునే వాల్వ్ కొన్నా, రెండు చుట్లకే పట్టేసింది. టెఫ్లాన్ టేపు, వేరే వాషర్, ఇంకో వాల్వ్: అన్నీ దండగే.

తప్పు నాదే, స్పానర్ సైజు చూసి కొన్నాను. చూడాల్సింది మర, అంటే బోల్టు ఒంటి మీది చుట్లు. బోల్టు తుడిచి వెర్నియర్‌తో కొలిస్తే 18 మి.మీ.కి వెంట్రుకవాసి తక్కువ. స్కేలు ఆనించి లెక్కపెడితే 15 మి.మీ.లో 10 చుట్లు, అంటే పిచ్ (ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం) 1.5 మి.మీ. ఆ కొలతతోనే తెప్పించాను. ముందు చేత్తోనే బిగించాను; ఐదు చుట్లు నూనె రాసినట్టు వెళ్లింది. అప్పుడు తీసి, కొత్త రాగి వాషర్ వేసి, స్పానర్‌తో బిగించాను. పది నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో పెట్టి కింద అట్టముక్క పరిచాను. చుక్క పడలేదు.

మీ బండి కొలత వేరే ఉండొచ్చు, కొలవండి. వాల్వ్ తిప్పే లివర్‌కు, దానంతటది తెరుచుకోకుండా, లాక్ క్లిప్పు ఉన్నదే తీసుకోండి. వాల్వ్ రంధ్రం చిన్నది, ఆయిల్ దిగడానికి రెట్టింపు సేపు పడుతోంది. చాంబర్ కిందికి వేలాడే బండ్లకు, క్వారీలో తిరిగే టిప్పర్లకు మాత్రం నేనైతే పెట్టను. రాయి తగిలితే వాల్వే ముందు విరుగుతుంది.