తొలి పాట వీడియో తీద్దాం – మూడో పాఠం: నాగ్రా ఎవరి చేతిలో?

గత పాఠంలో ఇచ్చిన పని అయిందనే అనుకుంటున్నాను. పాట ఫైనల్ మిక్స్, అంటే గొంతూ వాద్యాలూ అన్నీ కలిపిన ఆఖరి ఫైలు, చేతికొచ్చింది. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, వాయించినవారు ఎవరి వాటా ఎంతో కాగితం మీద పెట్టుకుని సంతకాలు చేశారు. మిక్స్ ఇంకా "బేస్ కొంచెం పెంచుదాం" దగ్గరే ఆగి ఉంటే, ముందు ఆ తగువు తేల్చుకుని రండి. బేస్ పెంచితే వీడియోకు వచ్చే నష్టం లేదు. కానీ అలా కూర్చున్నప్పుడే ఎవరో ఒకరు "రెండో బీజీఎం సాగుతోంది, నాలుగు బార్లు లేపేద్దాం" అంటారు (బీజీఎం అంటే పాట మధ్యలో వచ్చే వాద్యాల ముక్క, బారు అంటే కొన్ని తాళం దెబ్బల కొలత). షూటింగ్ అయ్యాక ఆ మాట వచ్చిందా, తీసిన ప్రతి టేకూ అక్కడ తెగినట్టే.

ఈ పాఠమంతా షూటింగ్ రోజు గురించి. ఏ కెమెరా వాడాలని అడుగుతారని తెలుసు. చివర్లో చెబుతాను, అదీ కొంచెమే.

సినిమా సెట్టు మీద పాట తీసేటప్పుడు ఆ పాటను వినిపించే పెట్టెను నాగ్రా అంటారు. స్విట్జర్లాండ్‌లో స్టీఫన్ కుడెల్‌స్కీ 1951లో తయారుచేసిన టేప్ రికార్డర్ పేరది. ఆయన పుట్టింది పోలండ్‌లో, పోలిష్‌లో ఆ మాటకు "రికార్డు చేస్తుంది" అని అర్థం. టేపులు పోయి ల్యాప్‌టాప్ వచ్చినా పాత మనుషుల నోట్లో పేరు మిగిలింది. దర్శకుడు "నాగ్రా" అని అరిస్తే పాట మొదలవ్వాలి, "కట్" అంటే ఆగాలి, "చరణం రెండో లైను నుంచి" అంటే సరిగ్గా అక్కడి నుంచే మోగాలి.

మీ షూటింగులో ఆ పని ఎవరిది? తొలి వీడియో తీసే బ్యాండ్లలో నాకు దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు "ఎవరో ఒకరం ఫోన్లో పెడతాంలెండి". ఆ ఎవరో ఒకరు టేకు టేకుకీ మారిపోతారు. పల్లవి మధ్యలో ఫోన్ మోగుతుంది, అమ్మ "తిన్నావా?" అని అడుగుతుంది, ఆ టేకు పోతుంది. బ్యాండులో లేని మనిషిని, తాళం తెలిసిన మనిషిని, ఒక్కరినే ఆ పనికి కూర్చోబెట్టండి. చెల్లెలైనా సరే. ఆ రోజుకి కెమెరామన్ తర్వాత అంతటి మనిషి ఆవిడే.

పాటను బార్లుగా విప్పడం

మొదటి పాఠం నుంచి మనం పట్టుకున్న ఉదాహరణనే తీసుకుందాం. విశాఖలో నలుగురు కుర్రాళ్లు: పాట, లీడ్ గిటార్, బేస్, డ్రమ్స్. పాట వేగం 100 బీపీఎం, అంటే నిమిషానికి 100 దెబ్బలు; బారుకు నాలుగు దెబ్బలు. అంటే దెబ్బకు 0.6 సెకను, బారుకు 2.4 సెకన్లు. సంగీతం నేర్చుకున్నవాళ్లు రెండు బార్లను ఒక ఆదితాళ ఆవర్తనంగా లెక్కపెట్టుకోవచ్చు. సెకనుకు 25 ఫ్రేములతో (విడి బొమ్మలతో) తీస్తే దెబ్బకు సరిగ్గా 15 ఫ్రేములు, బారుకు 60. మీ పాట 97 బీపీఎం అయితే లెక్క ఇంత శుభ్రంగా రాదు. దానికోసం పాట వేగం మార్చకండి, కాలిక్యులేటర్ ఉందిగా.

ఇప్పుడు ఒక కాగితం మీద: ముందు బిట్ (పల్లవికి ముందు వచ్చే వాద్యాల ముక్క) 8 బార్లు, పల్లవి 16, మొదటి బీజీఎం 8, చరణం 16, పల్లవి 8, రెండో బీజీఎం 8, రెండో చరణం 16, పల్లవి 8, ముగింపు 2. మొత్తం 90 బార్లు, 216 సెకన్లు, అంటే 3 నిమిషాల 36 సెకన్లు. ఒక్కో వరుస ఎదురుగా ఎక్కడ తీస్తారో, ఎవరి ముఖం కనబడాలో రాయండి. ముందు బిట్టే 19 సెకన్లుంది. అంతసేపు సముద్రం, మేఘాలు, ఎగిరే కాకి చూపిస్తే చూసేవాళ్లు వేరే వీడియోకి పోతారు. మీరెవరో ఎవరికీ తెలియదు, కాబట్టి నాలుగో బారు లోపల ముఖాలు కనబడాలి. తొలి వీడియోలో ప్రేమకథ, ఎడబాటు, వర్షంలో పరుగు పెట్టాలని ఉబలాటపడేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే: వద్దు. నటన రాని నలుగురి చేత నటింపజేయడం కన్నా వాయించడం వచ్చిన నలుగురి చేత వాయింపజేయడం తేలిక.

నాగ్రా మనిషికి ఇవ్వాల్సిన ఫైళ్లు

మిక్స్ ఒక్కటి ఇస్తే చాలదు. మొదటిది పూర్తి పాట, ఎప్పుడు మొదలవుతుందో తెలిసేలా ముందు నాలుగు క్లిక్కులతో. రెండోది ఆ కాగితంలోని ఒక్కో ముక్కకూ విడి ఫైలు. ప్రతిదీ అసలు చోటు కన్నా రెండు బార్లు ముందు మొదలవ్వాలి, గాయకుడు ఊపిరి తీసుకుని ఊపు అందుకోవడానికి. మూడోది వేగం పెంచిన ఫైళ్లు. దీని దగ్గర కాస్త ఆగుదాం.

జుట్టు నెమ్మదిగా ఎగురుతుంటే పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలిసే షాట్లు మీరు చూసే ఉంటారు. అందులో మాయేమీ లేదు. సెకనుకు 50 ఫ్రేములు తీసి 25తో నడిపితే బొమ్మ సగం వేగానికి పడిపోతుంది. కాబట్టి సెట్టు మీద పాటను రెట్టింపు వేగంతో మోగించి, గాయకుడిని ఆ వేగంతోనే పాడమంటారు. 216 సెకన్ల పాట 108 సెకన్లలో అయిపోతుంది, అక్కడున్నవాళ్లకు నవ్వాగదు. మొత్తం పాట అలా తీయకండి, నాలుక తిరగదు. పల్లవిలో ఒక్క లైను చాలు, అదీ ఇంట్లో వారం రోజులు సాధన చేశాక. ఇంకాస్త సున్నితంగా కావాలంటే 30 ఫ్రేములతో తీసి 25తో నడపండి, పాట ఫైలును 1.2 రెట్ల వేగానికి పెంచండి. చూసేవాళ్లు కనిపెట్టలేరు గానీ కదలికకు ఒక నిండుదనం వస్తుంది.

గాలి చేసిన మోసం

ఒకసారి ఇసుకలో గాయకుడిని దూరంగా నిలబెట్టి పెద్ద లెన్సుతో తీశాం. కెమెరా దగ్గర మేము, మా పక్కన స్పీకరు, 35 మీటర్ల అవతల అతను. ఇంటికొచ్చి కలిపి చూస్తే పెదవులు ఎప్పుడూ వెనకబడే ఉన్నాయి. తాళజ్ఞానం లేదని పాపం అతన్ని నానా మాటలూ అన్నాం. తప్పు అతనిది కాదు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 345 మీటర్లే పోతుంది. 35 మీటర్లు దాటడానికి సెకనులో పదో వంతు, అంటే రెండున్నర ఫ్రేములు. అతను విన్నప్పుడే పాడాడు, వినడమే ఆలస్యమైంది.

అందుకని స్పీకరు గాయకుడి కాళ్ల దగ్గర, ఫ్రేములో పడకుండా పెట్టండి. అప్పుడు ఇంకో తిరకాసు వస్తుంది: ఈసారి కెమెరా మైకే ఆలస్యంగా వింటుంది, దాని శబ్దాన్ని బట్టి కలిపితే పెదవులు ముందుకు పోతాయి. గుర్తు పెట్టుకోవాల్సింది 14 మీటర్లకు ఒక ఫ్రేము. కెమెరా 28 మీటర్ల దూరంలో ఉంటే ఎడిటింగులో బొమ్మను రెండు ఫ్రేములు వెనక్కి జరపండి, అంటే అంత ఆలస్యంగా మొదలుపెట్టండి. టేకు నంబరుతో పాటు దూరం కూడా రాసుకోమని మీ నాగ్రా మనిషికి చెప్పండి. అడుగులతో కొలిచినా చాలు.

చేతులు అబద్ధం చెప్పకూడదు

పెదవులు ఊరికే కదిలిస్తే గొంతు నరం కదలదు, పొట్ట కదలదు. గట్టిగా పాడమనండి. ఆ పాటను ఎవరూ వాడరు, అయినా పాడాలి. గిటారుకు కేబుల్ తగిలించండి, అవతలి చివర ఎక్కడా లేకపోయినా సరే. ఇక డ్రమ్మరు నిజంగా వాయిస్తే పాట ఎవరికీ వినబడదు. సింబళ్ల (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేల) మీద రబ్బరు ప్యాడ్లు వేయండి, దగ్గర షాట్లకు మాత్రం తీసేసి అతనికి ఇయర్‌ఫోన్ ఇవ్వండి. అది వైరున్నదై ఉండాలి. బ్లూటూత్‌లో పాట కాస్త ఆలస్యంగా వస్తుంది, అతనొక్కడూ వేరే పాటలో ఉంటాడు.

పూర్తి పాట నలుగురితో దూరం నుంచి రెండుసార్లు, గాయకుడి మీద మూడుసార్లు, మిగతా ముగ్గురి మీద రెండేసి, చేతులూ పెడళ్లూ ఒకసారి. మొత్తం పన్నెండు. టేకుకు సర్దుబాటుతో కలిపి పది నిమిషాలు వేసుకుంటే రెండు గంటలు. ఇదంతా ఇండోర్లో, రిహార్సల్ గదిలోనో మేడ మీదో తీసేయండి.

వెలుతురు, చట్టం

మన కుర్రాళ్లకు సముద్రం కావాలి. కానీ విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనక, కొండల అవతల దిగుతాడు. సాయంత్రం వెళ్లి "సముద్రం మీద బంగారు వెలుతురు" అంటే దొరకదు. తెల్లవారుజామునే లేవాలి. అక్కడ చట్టం అడ్డొస్తుంది: శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగించకూడదు. మే చివర్లో అక్కడ 5:20కే సూర్యోదయం, నియమం ప్రకారం స్పీకరు పెట్టే సమయానికి వెలుతురు ముదిరిపోతుంది. డిసెంబరు చివర్లో 6:20 దాటాక గానీ సూర్యుడు రాడు. కాబట్టి డిసెంబరులో పెట్టుకోండి. పోలీసులకూ నగరపాలక సంస్థకూ ముందే దరఖాస్తు ఇవ్వండి. డ్రోన్ మాట ఎత్తకండి, నౌకాదళం ఉన్న ఊరది.

మెత్తటి వెలుతురు నలభై నిమిషాలు ఉంటుందనుకోండి. అందులో పూర్తి పాట పెట్టుకుంటే నాలుగు టేకులకే ఎండెక్కుతుంది. 16 బార్ల పల్లవి మాత్రం 38 సెకన్లే, సర్దుబాటుతో కలిపి పన్నెండుసార్లు తీయొచ్చు. పెద్ద వల లాగే జాలర్లలో ఒకాయన తప్పకుండా వచ్చి "ఏటి బాబూ, ఇదే ముక్క ఎన్నిసార్లేస్తారు?" అంటాడు. నవ్వి ఊరుకోండి.

కెమెరా, మాటిచ్చినట్టే కొంచెం

ఫోనైనా సరే. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయం సెకనులో యాభయ్యో వంతు). మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద 30 ఫ్రేములు, 1/60తో తీస్తే బొమ్మలో చారలు పాకుతాయి. మామూలు ఫోన్ కెమెరా ఫ్రేముల సంఖ్యను తనిష్టం వచ్చినట్టు మారుస్తుంటుంది, మూడో నిమిషానికి పెదవులు జారిపోయేది అందుకే. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో ఇవన్నీ మారకుండా బిగించుకోవచ్చు. గుమ్మడికాయ కొట్టే ముందు ఒక టేకును ల్యాప్‌టాప్‌లో పాటతో కలిపి చివరి పల్లవి దగ్గర చూడండి. మొదట్లో కలవడం పెద్ద విషయం కాదు.

వచ్చే పాఠానికి

బార్ల కాగితం పూర్తి చేయండి. ఫోన్‌ను గోడకు ఆనించి, నలుగురూ నిలబడి, పూర్తి పాట మూడుసార్లు తీయండి. లైట్లు వద్దు, మంచి చొక్కాలు వద్దు. ఆ మూడు టేకులూ, నాగ్రా మనిషి రాసిన పుస్తకమూ పట్టుకు రండి. నాలుగో పాఠంలో వాటినే కోద్దాం.