పూర్వీకుల వివరాలు ఎక్కడ వెతకాలి?

వంశచరిత్ర తెలుసుకోవాలనుకునేవారు ఆర్కైవ్స్‌కు (పాత ప్రభుత్వ పత్రాలు భద్రపరిచే చోటుకు) వెళ్లే ముందు ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి అడగడం అవసరం. తద్దినాలు పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు నోటికే వచ్చి ఉంటాయి. పెట్టెలో దాచిన దస్తావేజులు, పాత శుభలేఖలు, జాతకాలు మరికొన్ని పేర్లు చెబుతాయి. ముత్తవ్వల పుట్టింటి పేరు, ఊరు తప్పక రాసుకోండి, ఎందుకంటే భూమి కాగితాల్లో అవి కనిపించడం అరుదు, అడగకపోతే వంశంలో సగం మనకు తెలియకుండానే పోతుంది.

తరువాత తేల్చుకోవలసింది ఆ కాలంలో ఊరు ఏ ప్రభుత్వం కింద, ఏ జిల్లాలో ఉండేదన్నది. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు కింద ఉన్నందువల్ల వాటి పాత రికార్డులు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నిజాం రాజ్యపు పత్రాలు హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పారశీకంలో, ఉర్దూలో ఉంటుంది కనుక చదివిపెట్టేవారిని ముందే చూసుకోవాలి. భద్రాచలం ఇప్పుడు తెలంగాణలో ఉన్నా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోది. ఒంగోలు 1904కు ముందు నెల్లూరు జిల్లాలో, ఆ తరువాత గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వచ్చింది; ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. ఈ మార్పులు చూసుకోకుండా వెళ్లినవారు రోజుల తరబడి వేరే జిల్లా దస్త్రాలు తిరగేస్తారు.

వంశక్రమం తేల్చడానికి భూమి రికార్డులను మించిన ఆధారం నాకు కనిపించలేదు. మద్రాసు ప్రాంతంలో ఇనాంల (పన్ను లేకుండా, లేదా తక్కువ పన్నుతో దానంగా ఇచ్చిన భూముల) విచారణకు 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేయించిన ఫెయిర్ ఇనాం రిజిస్టరులో మొదట ఇనాం పొందినవారి పేరు, ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) 1221లో నమోదైన పేరు, విచారణ నాటి అనుభవదారు పేరు, వయసు, అతనికి పూర్వపు హక్కుదారుతో ఉన్న చుట్టరికం వరుసగా ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే 1811 వస్తుంది, అంటే ఒక్క పుటలో దాదాపు రెండు మూడు తరాలు దొరికే అవకాశం ఉంది. తెలంగాణ ఊళ్లకు సేత్వార్ (సర్వే తరువాత తయారైన తొలి భూమి రిజిస్టరు), 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) చూడాలి. సర్వే నంబరు తెలిస్తే తహసీల్దారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు చేయవచ్చు.

జనాభా లెక్కల్లో ఇంటింటికీ నింపిన పత్రాలు చూడనివ్వరు, 1948 నాటి సెన్సస్ చట్టం అందుకు ఒప్పుకోదు. పాత పత్రికల కోసం 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనానికి, 1898 నాటి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లవచ్చు. ఇంటి నుంచే వెతకడానికి జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్ ఉంది.

భూమి లేని కుటుంబాలకు ఈ దస్త్రాలేవీ సాయపడవు, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు అడగాలి. గోత్రాలు, వంశాలు పాడి చెప్పే వంశరాజ్ కులస్థులు ఆశ్రయించిన కులాలవారు వారిని పిలిపించుకుని, వారు చెప్పేది రికార్డు చేసుకోవాలి; ఆ విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారు. కాశీ, గయలకు పెద్దలెవరైనా వెళ్లి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే యాత్రికుల పేర్లు రాసుకునే పుస్తకాల్లో, వారి పేర్లు ఉండవచ్చు.

కూలి ఒప్పందాల మీద ఓడెక్కి వెళ్లినవారి విషయం వేరు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860 నుంచి, ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారికి ఇచ్చిన పాసుల్లో తండ్రి పేరు, కులం, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చల వంటి గుర్తులు రాశారు. నాటాల్ ఓడల జాబితాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మారిషస్ వెళ్లినవారి రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. పేర్లను దొరలు తమకు వినిపించినట్టు రాసుకున్నారు కనుక, అప్పన్న అని ఒకే వర్ణక్రమంతో వెతికి ఊరుకోకుండా, ఊరు, తండ్రి పేరు కలిపి చూడండి.